చక్రం కింద నాలుగు వేళ్ల సందు

అమ్మాయీ,

నువ్వు పంపిన మూడు బొమ్మలూ చూశాను. మీ నాటక బృందం ద్రోణవధ ఆడబోతోందనీ, ఫోన్లలో పంచుకోవడానికి కదిలే పోస్టర్ చేసే పని నీ మీద పడిందనీ మీ అమ్మ చెప్పింది. మొదటి బొమ్మలో భీముడి గద దెబ్బకు ఏనుగు కూలుతోంది. రెండోదానిలో ద్రోణుడు ఆయుధాలు వదిలి రథం మీద కూర్చున్నాడు, వెనక ధృష్టద్యుమ్నుడు కత్తి ఎత్తాడు. మూడోదానిలో ధర్మరాజు నోట్లోంచి అక్షరాలు బయటికొచ్చి కరిగిపోతున్నాయి. గీత బాగుంది, చేయి తిరిగింది. అయితే మూడింటిలోనూ కథ ఉంది కానీ మలుపు లేదు.

ఏనుగు చావు కారణం, ద్రోణుడి చావు ఫలితం. ఈ రెండింటి నడుమ భారతంలో ఒక చిన్న సంగతి ఉంది, గుర్తుందా? అప్పటివరకు ధర్మరాజు రథం నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉండేది. అశ్వత్థామ చచ్చాడని గట్టిగా అని, ఏనుగన్న ముక్కను నసిగిన తరువాత ఆ రథం నేలను తాకింది. పదిహేనో రోజు యుద్ధంలో అంతమంది కూలుతుంటే కవి చూపు వెళ్లి ఆ సందు దగ్గర ఆగింది. నీ పోస్టర్ అక్కడ ఉంది. ఒక చక్రం, ఒక నేల గీత, మధ్య ఖాళీ. ఆ ఖాళీ మూసుకుపోవాలి. అంతకన్నా ఒక్క సంఘటన కూడా ఎక్కువ వద్దు.

తక్కువ గీతలతో చేయడమంటే కిరీటం తీసేయడం, ముఖం తీసేయడం, వెనక సైన్యాన్ని చెరిపేయడం అనుకుని, చివరికి ఏ కథకైనా అతికే నల్లనీడ ఒకటి మిగుల్చుకుంటారు కొత్తవాళ్లు. విల్లు పట్టుకున్న నీడ అర్జునుడూ కావచ్చు, రాముడూ కావచ్చు, ఏకలవ్యుడూ కావచ్చు. నేల తాకని రథచక్రం మాత్రం ఒక్కరిదే. అమెరికాలో సాల్ బాస్ అనే పోస్టర్ల రూపకర్త 1955లో ఒక సినిమాకు వంకర తిరిగిన చేయి ఒక్కటే గుర్తుగా పెట్టాడు. అదే చేతిని టైటిళ్లలో కదిలించి చూపాడు. తారల ముఖాలతో నిండిన పోస్టర్ల కాలంలో ఆ పని చేయడానికి ధైర్యం కావాలి. నీకూ కావాలి, ఎందుకంటే మీ బృందంలో ధర్మరాజు వేషగాడు తన ముఖం ఎక్కడని తప్పకుండా అడుగుతాడు.

ఇక్కడొక చిక్కు ఉంది, ముందే చెబుతాను. చక్రం, నేల అనగానే మనవాళ్లకు కర్ణుడు గుర్తొస్తాడు. అతని చక్రం భూమిలో కూరుకుపోయింది. ధర్మరాజుది భూమి మీద ఆగింది. కాబట్టి నీ చక్రం నేల గీత కిందికి ఒక్క పిక్సెల్ కూడా దిగకూడదు. బరువు తెలియాలని చక్రాన్ని కాస్త అణచడం, నేలను కాస్త వంచడం యానిమేషన్‌లో మామూలుగా చేసే పనే, ఇక్కడ వద్దు. పైగా చూసేవాడి కంట్లో సందు బాగా నాటుకున్నాకే చక్రం దిగాలి. సందును చూడనివాడికి ఇది కర్ణుడి పోస్టరే.

ఇప్పుడు కొలత. రథచక్రం మనిషి ఛాతీ ఎత్తు, అంటే 120 సెంటీమీటర్లు అనుకుందాం. నాలుగు వేళ్ల వెడల్పు ఏడెనిమిది సెంటీమీటర్లు. 1080 పిక్సెళ్ల వెడల్పు, 1350 ఎత్తు ఉన్న పోస్టర్‌లో చక్రాన్ని 400 పిక్సెళ్ల వ్యాసంతో నిండుగా గీశావనుకో, సందు 25 పిక్సెళ్లే వస్తుంది. ఫోను తెర మీద అది మిల్లీమీటరున్నర. ఎవరికీ ఆనదు. అప్పుడు సందును నాలుగింతలు పెంచేద్దామని చేయి దురద పెడుతుంది. పెంచితే రథం కాస్తా పుష్పక విమానం అవుతుంది. దానికి బదులు దగ్గరికి వెళ్లు. చక్రం వ్యాసం 1200 చేసి, నేల గీతను పైనుంచి 1000 పిక్సెళ్ల దగ్గర పెట్టు. చక్రం పై భాగమూ పక్కలూ చట్రం బయటికి పోతాయి, పోనీ. ఇరుసు, దాని కింది ఆకులు (చువ్వలు), ఇనుప పట్టా కింది వంపు మిగులుతాయి. సందు 75 పిక్సెళ్లు, ఫోనులో దాదాపు అర సెంటీమీటరు. కథ చెప్పిన కొలత తప్పలేదు, కంటికీ ఆనుతుంది. గుర్రాలు, సారథి, పతాకం అసలు గీయవద్దు. బాపు గారి బొమ్మలు మళ్లీ తీసి చూడు, గీత పడని చోటును ఆయన ఎంత జాగ్రత్తగా వాడుకున్నారో తెలుస్తుంది.

కాలం సంగతి కొలత కంటే కష్టం. ఎనిమిది సెకన్లు చాలు, సెకనుకు 24 ఫ్రేముల (విడి బొమ్మల) చొప్పున 192. మొదటి మూడు సెకన్లు చక్రం గాలిలో నెమ్మదిగా తిరగాలి, ఫ్రేముకు రెండున్నర డిగ్రీలు. అంతకు మరీ వేగం పెంచకు. ఎనిమిది ఆకుల చక్రంలో ఆకుకూ ఆకుకూ మధ్య 45 డిగ్రీలు. ఒక్కో ఫ్రేముకు అందులో సగం దాటితే చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

తరువాత దిగడం. లెక్కప్రకారం రాయి ఏడున్నర సెంటీమీటర్లు పడడానికి మూడు ఫ్రేములు చాలు. రెప్ప వేస్తే తప్పిపోతుంది. అలాగని రెండు సెకన్లు సాగదీస్తే రథం లిఫ్టులా దిగుతుంది. నేనైతే ఎనిమిది ఫ్రేములు తీసుకుంటాను. మొదటి ఐదింటిలో కదిలిందా లేదా అన్న అనుమానం, చివరి మూడింటిలో నేల. కంప్యూటర్ దానంతటది ఇచ్చే మెత్తటి ఆరంభం, మెత్తటి ముగింపు రెండూ ఉంచకు. ఆరంభం మెత్తగా, ముగింపు కరుకుగా ఉండాలి. తాకాక పైకి ఎగిరిపడడం అసలే వద్దు. ఒక్కసారి ఎగిరినా చూసేవాడికి నవ్వొస్తుంది.

తాకిన తరువాత అర సెకను అన్నీ ఆగాలి, చక్రం తిరగడంతో సహా. ఆ పైన చక్రం మళ్లీ కదులుతుంది, ఈసారి వెనక ఒక గాడి గీత పడుతూ ఉంటుంది. ఇంతకాలం నేల మీద జాడ వదలని రథం ఇప్పుడు అందరి రథాల్లాగే జాడ వదులుతోంది. దుమ్ము, రవ్వలు, నేల అదరడం ఇవేవీ దీనికి సాటిరావు. ఒక్క లెక్క మాత్రం తప్పకు: ఈ చక్రం చుట్టుకొలత సుమారు 3770 పిక్సెళ్లు, రెండున్నర డిగ్రీలకు 26. గాడి కూడా ఫ్రేముకు 26 పిక్సెళ్లే సాగాలి. తేడా వస్తే చక్రం జారుతున్నట్టు ఉంటుంది.

నువ్వు ఉత్తరంలో అడిగిన ప్రశ్న లూప్ గురించి. మంచి ప్రశ్న. ఫోనులో వీడియో అయిపోగానే మళ్లీ మొదలవుతుంది. చివరి ఫ్రేమునూ మొదటి ఫ్రేమునూ అతుకు కనబడకుండా కలపడం గొప్ప పనితనం అని మీకు నేర్పి ఉంటారు. పడే వానకు, వెలిగే దీపానికి అది బాగుంటుంది. ఇక్కడ అలా కలిపితే చక్రం తిరిగి పైకి లేస్తుంది, ధర్మరాజు ఆడిన మాట వెనక్కి వచ్చేసినట్టవుతుంది. అందుకని అతుకు కనబడనీ. ఏడున్నర సెకన్ల దగ్గర తెరను ఒక్కసారిగా నల్లగా చేసి, అర సెకను అలా ఉంచి, మళ్లీ మొదటినుంచి చూపు. కథ మళ్లీ చెబుతున్నారని చూసేవాడికి అర్థం కావాలి, రథం మళ్లీ లేచిందని కాదు. ఆ నలుపులోకి మెల్లగా కరిగించకు, కోసేయ్. నీ రెండో బొమ్మకు రాసుకున్న మెరుపులు ఇక్కడికి తేవద్దు. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసే తెర మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకు ప్రమాదం.

రంగులు మూడే. ఎండుగడ్డి రంగు ఆకాశం, ముదురు నీలం చక్రం, నేల కూడా అదే నీలం. మూడోది ఎరుపు, గాడికి తప్ప ఇంకెక్కడా వాడకు. రంగు మెల్లగా మారే పూతలు పెట్టకు, వీడియో ఫైలును కుదించినప్పుడు చారలుగా విరిగిపోతాయి. వీడియోలో వెలుగునీడల కంటే రంగుల వివరం తక్కువ దాచుకుంటారు కాబట్టి నీలం మీద సన్నటి ఎరుపు గీత అంచులు అలుక్కుపోతాయి. గాడిని కనీసం పది పిక్సెళ్ల మందం చేయి, ఎరుపును నీలం కంటే బాగా వెలుగ్గా ఉంచు. మొత్తం బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తే తేలిపోతుంది.

ఇక అక్షరాలు. మూడో బొమ్మలో మాటను ఒక్కొక్క అక్షరంగా చెదరగొట్టాలనుకున్నావు. తెలుగులో ఆ పని చేయబోతే సాఫ్ట్‌వేర్ గుణింతాన్నీ ఒత్తునూ విడదీసే ప్రమాదం ఉంది. ‘అశ్వత్థామ’లో వ ఒత్తు ఒక దారి, థ ఒత్తు ఒక దారి పడతాయి. నువ్వు పని చేసే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పాతదైతే ప్రాధాన్యాల్లో అక్షరాల విభాగానికి వెళ్లి దక్షిణాసియా లిపుల ఇంజిన్ ఎంచుకో, లేకపోతే ఒత్తులు సరిగ్గా కూర్చోవు. కొత్తదైతే ఆ ఇంజిన్ దానంతటదే ఉంటుంది. అక్షరాలు కుదిరాక వాటిని ఆకారాలుగా మార్చేస్తే ఫైలు ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా చెదరవు. అయినా నా మాట వింటే ఈ పోస్టర్‌లో అక్షరాలు కదలకూడదు. నాటకం పేరు నేల గీత కింద, నీలం మీద గడ్డి రంగులో, మొదటి ఫ్రేము నుంచీ ఉండాలి. పేరుకు రామభద్ర లాంటి లావు ఫాంటు, తేదీకీ వేదికకూ మండలి సరిపోతాయి, రెండూ ఉచితంగా దొరుకుతాయి. పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడకుండా వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు పెట్టేదానికంటే ఎక్కువ పెట్టు.

శబ్దం గురించి రెండు మాటలు. ఏనుగన్న ముక్క శంఖధ్వనిలో మునిగిపోయిందని మన కథకులు చెబుతారు కాబట్టి శంఖం పెట్టాలనిపిస్తుంది. పెట్టుకో, తప్పు లేదు. చాలామంది ఫోను మూగగా ఉంచి చూస్తారు, వాళ్లకూ అంతా అర్థమయ్యేలా ఉంటే చాలు. గోడ మీద అతికించే అచ్చు పోస్టర్‌కు సందు ఉన్న ఫ్రేమునే ఇవ్వు, గాడి పడిన ఫ్రేము కాదు. కథ తెలిసినవాడు మిగతాది తనే ఊహించుకుంటాడు.

రంగులు వేయకముందే పెన్సిలు గీతలతో 192 ఫ్రేములూ ఆడించి, ఆ ముడి ఫైలు శబ్దం లేకుండా నాకు పంపు. చక్రం దిగే ఆ ఎనిమిది ఫ్రేములు విడిగా, వరుసగా ఒక కాగితం మీద కూడా పంపు. ఎక్కడ తొందరపడ్డావో వీడియోలో కంటే కాగితం మీద నాకు త్వరగా దొరుకుతుంది.

ఆశీస్సులతో,
మామయ్య