సగంలో ఆగిపోతున్న సెంటర్‌బోర్డ్

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ దగ్గర ఉంటాం. నిరుడు ఒక పాత ఎంటర్‌ప్రైజ్ తెరచాప పడవ కొన్నాను. మరీన్ ప్లైవుడ్‌తో చేసింది. కంకర తవ్వగా మిగిలిన గుంటలో నీళ్లు నిండి చెరువైన చోట నడుపుతున్నాం. మొదట్లో సెంటర్‌బోర్డ్ (పడవ అడుగు మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) సాఫీగా దిగేది. ఇప్పుడు సగంలో ఆగిపోతోంది. కాలితో గట్టిగా తొక్కితే దిగుతుంది గానీ మళ్లీ పైకి రానంటుంది. బోర్డు బయటికి తీసి రెండు వైపులా చిత్రిక పట్టమని తోటివాళ్లు అంటున్నారు. పట్టమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. చిత్రిక కింద రాలిన చెక్క మళ్లీ అతుక్కోదు. అది ఎక్కడ పట్టేస్తోందో, ఎందుకు పట్టేస్తోందో ముందు తేల్చుకోండి.

ఎంటర్‌ప్రైజ్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. 1956లో జాక్ హోల్ట్ గీసిన పడవ అది. ఆ నీలం తెరచాపలు ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు. హుస్సేన్ సాగర్‌లో నేను గాలి పట్టడం నేర్చుకున్నది దాంట్లోనే. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట్లో బాగా దిగేదన్నారు, చెరువు కంకరదన్నారు. నా అనుమానం రాయి మీదే. ఒడ్డుకు వచ్చేటప్పుడు బోర్డు పైకి లాగేస్తాం కదా, అప్పుడు పడవ అడుగున బోర్డు దిగే చీలిక తెరిచే ఉంటుంది. ఒడ్డున పడవ అడుగు నేలకు రాసుకుంటే శనగ గింజంత రాయి ఒకటి అందులోకి దూరిపోతుంది. మళ్లీ బోర్డు దించినప్పుడు అది బోర్డుకూ, బోర్డు ఇమిడి ఉండే పెట్టె (కేసు) గోడకూ మధ్య ఇరుక్కుంటుంది. మీరు తొక్కినకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. కాబట్టి ముందు ఆ తొక్కడం మానేయండి.

స్తంభం దించేసి, నేల మీద రెండు పాత కారు టైర్లు వేసి, పైన ఒక పాత బొంత పరిచి, ఇద్దరు పట్టుకుని పడవను పక్కకు వాల్చండి. చీలికలోకి టార్చి వేసి చూడండి. తర్వాత ఒక హాక్సా బ్లేడు తీసుకుని, పట్టుకునే వైపు గుడ్డ చుట్టి, బోర్డుకూ గోడకూ మధ్య సందులోకి దూర్చి ముందు నుంచి వెనక్కి మెల్లగా జరపండి. రెండు వైపులా ఇలాగే చేయాలి. రాయి ఉంటే బ్లేడు ఒక్కచోట టక్కుమని ఆగుతుంది. చెక్క ఉబ్బి ఉంటే అలా ఆగదు, జానెడు మేర క్రమంగా బిగుసుకుంటూ పోతుంది. ఆ తేడా చేతికే తెలిసిపోతుంది.

రాయే అయితే బోర్డును కాస్త పైకీ కిందికీ కదిలిస్తూ, పై నుంచి పైపుతో నీళ్లు కొట్టండి. రాకపోతే గట్టి తీగ కొనను కొక్కెంలా వంచి కిందికి లాగండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తడం, సుత్తితో కొట్టడం మాత్రం చేయొద్దు. కేసు పడవ అడుగుతో కలిసే అతుకు ఒక్కసారి విడిచిందంటే పడవలోకి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఆ రిపేరు ముందు బోర్డు రిపేరు ఒక లెక్కే కాదు.

అడుగున చీలికను మూసే రబ్బరు పట్టీలు కూడా చూడండి. చిరిగి ముడుచుకున్న పట్టీ బోర్డుతోపాటు లోపలికి వెళ్లి అచ్చం రాయిలాగే అడ్డం పడుతుంది. మార్చేయడమే.

రాయీ లేదు, పట్టీలూ బాగున్నాయంటే అప్పుడు చెక్క సంగతి. బోర్డుకు ఇరుసులా ఉండే పివట్ బోల్ట్ విప్పి బోర్డు బయటికి తీయండి. నాలుగైదు చోట్ల వెర్నియర్‌తో మందం కొలిచి, ఆ అంకె అక్కడే పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. బోల్ట్ రంధ్రం చుట్టూ, కింది అంచునా మందం ఎక్కువగా ఉంటే వార్నిష్ పోయి ఆ చోట్ల నీళ్లు తాగిందన్నమాట. చెక్క పొడవు దాదాపు మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది. వానాకాలంలో బిగుసుకున్న తలుపుకు చిత్రిక పట్టిస్తే ఎండాకాలంలో సందులోంచి వీధి కనిపిస్తుంది చూడండి, తడి బోర్డుకు పట్టినా అదే జరుగుతుంది. ఆరాక వదులై కేసులో అటూ ఇటూ కొట్టుకుంటుంది, బోల్ట్ రంధ్రం అరిగిపోతుంది.

కాబట్టి పాత వార్నిష్ గీకేసి, రెండు వైపులా గాలి తగిలేలా గ్యారేజీలో నిలబెట్టండి. రేడియేటర్ పక్కన పెట్టొద్దు, ఒక వైపే ఆరి వంకర పోతుంది. వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టే. ఇందుకు వారాలు పట్టొచ్చు, తొందరపడొద్దు. ఆరాక మళ్లీ కొలిచి, కేసులో పెట్టి చూడండి. అప్పటికీ రాసుకుంటుంటే ఆ రాసుకున్న చోట మాత్రమే చిత్రిక పట్టండి. రెండు వైపులా కలిపి 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే నాకు తృప్తిగా ఉంటుంది. పైన వేసే పూతల మందం కూడా అందులోంచే పోతుందని గుర్తుంచుకోండి.

కేసు గోడలు లోపలికి పొంగడం అరుదు. పొంగితే సన్నటి బద్దకు గరుకు కాగితం అంటించి లోపల రుద్దాలి, ప్లైవుడ్ పై పొర తెగకుండా.

ఇక నీళ్లు తాగకుండా చేయడం. బోల్ట్ రంధ్రాన్ని పెద్దది చేసి, ఫిల్లర్ పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, గట్టిపడ్డాక బోల్ట్ సైజుకు మళ్లీ తొలవండి. అప్పుడు రంధ్రం లోపల చెక్కకు నీళ్లు తగలవు. బోర్డు అంతటికీ మూడు పూతలు ఎపాక్సీ, దాని మీద ఎండను ఆపే మరీన్ వార్నిష్. ఎండ తగిలితే ఎపాక్సీ పాడైపోతుంది కాబట్టి ఆ వార్నిష్ మానొద్దు. బోల్ట్ నీటి మట్టానికి కిందే ఉంటుంది, బిగించేటప్పుడు రెండు పక్కలా కొత్త రబ్బరు వాషర్లు వేయండి.

ఇదంతా అయ్యేదాకా దయచేసి చెరువులోకి వెళ్లొద్దు. పడవ పక్కకు పడితే మళ్లీ లేపడానికి మనం ఎక్కి నిలబడేది ఆ బోర్డు మీదే. అది పైనే ఇరుక్కుంటే ఆ చల్లటి నీళ్లలో కాలు మోపడానికి ఏమీ ఉండదు. ఎప్పుడైనా బోర్డు కిందే ఇరుక్కుంటే పడవను ఒడ్డు దాకా తోసుకురాకండి. నడుము లోతులో ఆపి, తెరచాపలు దించి, పడవను పక్కకు వంచి సరిచేసుకోండి.

ప్రశ్న: సికింద్రాబాద్‌లో మా అమ్మాయి ఆప్టిమిస్ట్ పడవ (పిల్లల చిన్న తెరచాప పడవ) నేర్చుకుంటోంది. పైనుంచి దూర్చే బోర్డు బిగుతుగా ఉంది. గ్రీజు గానీ కొబ్బరి నూనె గానీ రాయొచ్చా?

జవాబు: రెండూ వద్దండీ. జిడ్డుకు ఇసుక అంటుకుని అదే గరుకు కాగితంలా బోర్డును గీరేస్తుంది, రేపు వార్నిష్ వేద్దామన్నా పట్టదు. బోర్డును మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, మామూలు కొవ్వొత్తి రుద్దండి. కేసు లోపల ప్లాస్టిక్ కవరు ముక్కలేమైనా ఇరుక్కున్నాయేమో కూడా చూడండి, హుస్సేన్ సాగర్‌లో వాటికి కొదవ లేదు. బోర్డును పడవకు కట్టే తాడు తెగకుండా ఉందో లేదో ప్రతిసారీ మీ అమ్మాయినే చూసుకోమనండి.