పాత బండికి షాకులు మార్చబోయే ముందు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నీ పాత స్విఫ్టుకూ, నీ స్నేహితుడి పోలోకూ షాకబ్జార్లు ఇంటి దగ్గరే మార్చుకుంటామని రాశావు. మార్చుకోండి. వెనకవి పూర్తిగా మీరే చేసుకోవచ్చు. ముందు స్ట్రట్లను, అంటే స్ప్రింగుతో కలిపి ఉండే షాకులను, కూడా మీరే ఊడదీసి మీరే బిగించొచ్చు. మధ్యలో ఒక్క పని మాత్రం బయట చేయించండి. స్ప్రింగును నొక్కి పాత స్ట్రట్ నుంచి కొత్తదానికి మార్చే పని గ్యారేజీలో, గోడకు బిగించిన స్ప్రింగు కంప్రెసర్ మీదే జరగాలి. కారణం కింద రాస్తాను.

అసలు పోయినవి షాకులేనా అన్నది ముందు తేల్చుకో. గుంతలో టక్ టక్ మనగానే అందరూ షాకుల మీద పడతారు. ఆ చప్పుడు చాలాసార్లు చక్రాన్ని బండికి కలిపే ఇతర భాగాలది, అంటే లింక్ రాడ్‌దో, లోయర్ ఆర్మ్ బుష్షుదో, బాల్ జాయింట్‌దో అయి ఉంటుంది. షాకు అరిగితే చప్పుడు కంటే ముందు నడకలో తేడా వస్తుంది. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి ఇంకా ఊగుతూనే ఉంటుంది, బ్రేకు తొక్కితే ముక్కు బాగా కిందికి వంగుతుంది, టైరు చుట్టూ అరచెయ్యి తిప్పితే అక్కడక్కడా పల్లాలు తగులుతాయి. షాకు ఒంటి మీద పల్చటి చెమ్మ, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే కంగారు పడకు. నూనె కిందిదాకా కారి తడిగా ఉంటే మాత్రం సీలు పోయినట్టే. బండి మూలను నొక్కి వదిలే పరీక్ష పూర్తిగా చచ్చిన షాకునే పట్టిస్తుంది. సగం పోయినవి దాన్ని హాయిగా దాటేస్తాయి, దాన్ని నమ్ముకోకు.

కొనేటప్పుడు జతగా కొను. ఒకవైపు కొత్తది, ఇంకోవైపు పాతది పెడితే మలుపులోనూ బ్రేకులోనూ బండి రెండు వైపులా రెండు రకాలుగా కదులుతుంది. ముందు స్ట్రట్లలో చాలా బండ్లకు కుడీ ఎడమా వేరు, డబ్బా మీద చూసి తీసుకో. రంధ్రం పెట్టి నూనె పోసి వెల్డింగ్ కొట్టిన రీకండిషన్ షాకుల జోలికి వెళ్లొద్దు. లోపలి వాల్వులూ సీలూ అరిగినవే ఉంటాయి, నూనె మారితే అవి బాగుపడవు.

డబ్బు మిగుల్చుకుందామని చాలామంది తప్పు చేసేది చిన్న సామాన్ల దగ్గర. టాప్ మౌంట్లు (స్ట్రట్ పై కొసను బాడీకి పట్టి ఉంచేవి), వాటి బేరింగులు, బంప్ స్టాపులు, దుమ్ము బూట్లు (రాడ్డును కప్పే తొడుగులు), స్ప్రింగు కింద రబ్బరు సీట్లు, కొత్త లాక్ నట్లు అన్నీ కలిపి తెచ్చుకో. పాత మౌంట్ మీద కొత్త స్ట్రట్ వేస్తే డబ్బు పోయి చప్పుడు మిగులుతుంది. బేరింగు పట్టేస్తే స్టీరింగు తిప్పినప్పుడు స్ప్రింగు మెలిపడి ఒక్కసారిగా టంగుమని వదులుతుంది. బంప్ స్టాపు అంటే రాడ్డు మీద ఉండే నురగ ముక్క. పదేళ్లు దాటిన బండిలో అది పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. అది లేకపోతే పెద్ద గుంతలో షాకు అడుగుకంటా కొట్టుకుని లోపలి వాల్వు దెబ్బతింటుంది. బూటు చిరిగితే బురద రాడ్డుకు అంటి ఎండి, సీలును గీరేస్తుంది. కొత్త షాకు ఏడాదికే కారిందని కంపెనీని తిట్టేవాళ్ల బండి కింద చూస్తే చాలాసార్లు బూటే కనపడదు.

ముందు రోజు రాత్రే కింది బోల్టులన్నిటినీ వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచు. బండి చదునైన గచ్చు మీద ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, లేపని చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టు. చక్రం నట్లు (పోలోలో బోల్టులు) బండి నేల మీద ఉండగానే వదులు చెయ్యి. లేపాక బరువు స్టాండ్ల మీద ఉండాలి. ఇటుకల మీద, ఒట్టి జాకీ మీద బండిని నిలబెట్టి కింద చెయ్యి పెట్టకు.

వెనక వైపు రెండు బండ్లకూ బీమ్ యాక్సిలే (రెండు చక్రాలనూ కలిపే అడ్డ దూలం), స్ప్రింగు వేరు, షాకు వేరు. కాబట్టి కంప్రెసర్ అక్కర్లేదు. కానీ బీమ్ కిందికి ఎక్కువ వేలాడకుండా ఆపేది ఆ షాకులే. రెండూ ఒకేసారి విప్పితే బీమ్ జారి బ్రేకు గొట్టాలను లాగుతుంది, స్ప్రింగు కూడా బయటికి దొర్లుతుంది. బీమ్ కింద రెండో జాకీ ఆనించి, ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు పట్టుకో. కింది బోల్టు మొండికేస్తే పొడుగు హ్యాండిల్ వాడు, బిగించే దిశలో కాస్త కదిలించి మళ్లీ విప్పు. కొత్తది పెట్టాక కింది బోల్టు చేత్తో పట్టినంత వరకే ఉంచి, బండి బరువు చక్రాల మీదికి వచ్చాక చివరి బిగింపు ఇవ్వు. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్షు మెలితిరిగిన స్థితిలో లాక్ అవుతుంది, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది.

ముందు వైపు బ్రేకు గొట్టం క్లిప్పు, ఏబీఎస్ వైరు, స్ట్రట్‌కు లింక్ రాడ్ ఉంటే అదీ విడదియ్యి. గొట్టాన్ని తెరవొద్దు, అప్పుడు బ్రేకులో గాలి తీసే పని రాదు. స్విఫ్టులో స్ట్రట్‌ను నకిల్‌కు, అంటే చక్రం హబ్బును పట్టి ఉంచే దిమ్మకు, రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. విప్పే ముందు బ్రాకెట్ అంచు చుట్టూ పెయింటుతో గీత గియ్యి, తిరిగి అక్కడే కూర్చోబెట్టడానికి. బోల్టు మెడకు పళ్లుంటే నట్టునే తిప్పు. బోల్టును తిప్పితే రంధ్రం అరుగుతుంది. పోలోలో స్ట్రట్ నకిల్ లోపలికి దూరి ఉంటుంది. దాన్ని బిగించి పట్టే పించ్ బోల్టు తీశాక, నకిల్ చీలికలో దాన్ని వెడల్పు చేసే స్ప్రెడర్ పనిముట్టు పెట్టి తిప్పితే వదులవుతుంది. ఉలి పెట్టి కొడితే నకిల్ పగలొచ్చు. స్ట్రట్ వదలగానే నకిల్ బయటికి ఒరుగుతుంది, దాన్ని వైరుతో కట్టెయ్యి. లేకపోతే గొట్టం మీద బరువు పడుతుంది, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడే ప్రమాదం ఉంది.

పైన మౌంట్ నట్ల దగ్గర ఆగి చూడు. కొన్ని బండ్లలో మౌంట్ చుట్టూ నట్లుంటాయి, వాటినే విప్పాలి. కొన్నింట్లో బాడీకి పట్టి ఉంచేది నడిమి నట్టే, దాని కింద ఇంకో నట్టు స్ప్రింగును పట్టి ఉంచుతుంది. పోలో ఈ రెండో రకం. స్ప్రింగును పట్టి ఉన్న ఆ నట్టును, స్ప్రింగు నొక్కకుండా విప్పితే బాణంలా వదులుతుంది, ప్రాణం మీదికి తెస్తుంది. స్ప్రింగు నొక్కే పని కొక్కేల కంప్రెసర్‌తో ఇంట్లో చెయ్యొద్దనేది కూడా ఇందుకే. రెండు కొక్కేలూ ఎదురెదురుగా కూర్చోక ఒకటి జారితే స్ప్రింగు పక్కకు తంతుంది.

గ్యారేజీలో నిలబడి నాలుగు చూసుకో. కొత్త స్ట్రట్‌ను నిటారుగా పెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగారా? డబ్బాలో పడుకోబెట్టి ఉండటంతో గాలి నూనెలో కలిసి ఉంటుంది. రాడ్డును ప్లయర్‌తో పట్టుకోకుండా అలెన్ కీతో ఆపి నట్టు బిగించారా? రాడ్డు మీద ఒక్క గీత పడినా సీలు పోతుంది. స్ప్రింగు కొస సీటులోని మెట్టుకు ఆనిందా? బంప్ స్టాపు, బూటు లోపల పడ్డాయా? కంగారులో ఇవే మర్చిపోతారు.

అన్నీ బిగించాక స్టీరింగును రెండు కొసలకూ తిప్పి గొట్టం, వైరు ఎక్కడా మెలిపడలేదని చూడు. చక్రం బిగింపు పాత స్విఫ్టు నట్లకు 85, పోలో బోల్టులకు 120 న్యూటన్ మీటర్లు. మిగతా బోల్టుల బిగింపులు మీ మోడల్ సర్వీసు మాన్యువల్లో చూసి టార్క్ రెంచ్‌తో బిగించండి. తర్వాత చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి. గీత మీదే కూర్చోబెట్టినా కాస్త తేడా వస్తుంది, ఆ తేడాకు టైర్లు బలి.

రెండు బండ్లూ ఒకేరోజు స్టాండ్లెక్కించొద్దు. మొదట వెనకవి చేసి చెయ్యి తిరిగాక, గ్యారేజీ తెరిచి ఉండే రోజున ముందువి పెట్టుకోండి. స్ట్రట్లు మోసుకెళ్లడానికి రెండో బండి నడుస్తూ ఉండాలి.

మీ మామయ్య