గేర్‌బాక్స్ దించే ముందు

అమ్మలూ,

నీ ఉత్తరం చదివాను. నీ కారుకు గేర్లు పడటం లేదనీ, రివర్స్ వేస్తే గర్రుమంటోందనీ, మెకానిక్ చూసి "గేర్‌బాక్స్ పోయింది, దించాల్సిందే" అన్నాడనీ రాశావు. దించే ముందు ఆయన ఏమేం చూశాడో మాత్రం రాయలేదు. అందుకే చెబుతున్నా, అప్పుడే తాళాలు ఇచ్చెయ్యకు.

ముందు బండిని ఎదురుగా, వెనకాల ఖాళీ ఉన్న చదునైన చోట నిలబెట్టు. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి ఇంజన్ ఆపెయ్యి. క్లచ్ పూర్తిగా తొక్కి, ఒకటో గేరు నుంచి రివర్స్ దాకా ఒక్కొక్కటీ వేసి చూడు. తర్వాత న్యూట్రల్‌లో ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలుంచి, అవే గేర్లు మళ్లీ వెయ్యి. ఇంజన్ ఆపినప్పుడు సాఫీగా పడిన గేర్లు, ఇంజన్ తిరుగుతుంటే అన్నీ మొరాయిస్తున్నాయా? అలాగైతే తప్పు చాలావరకు గేర్‌బాక్స్‌ది కాదు, క్లచ్ ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ పూర్తిగా విడదీయడం లేదు. అలా విడదీస్తేనే కదా లోపలి షాఫ్టు నెమ్మదించి గేరు పడేది! మొదటి గేరులో క్లచ్ నేలదాకా తొక్కి పట్టుకున్నా బండి ముందుకు పాకాలని చూస్తుంటే ఇంకేం అనుమానం అక్కర్లేదు.

నీది హైడ్రాలిక్ క్లచ్, అంటే ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది అయితే బానెట్ తెరిచి ఫ్లూయిడ్ డబ్బా చూడు. చాలా కార్లలో బ్రేకుకీ క్లచ్‌కీ అదొక్కటే డబ్బా. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. బ్రేకు వైపు కారుతూ ఉండొచ్చు కూడా, అందుకని అది తేలేదాకా బండి బయటికి తియ్యకు. పెడల్ కింద కార్పెట్ తడిగా ఉందేమో చేత్తో తడిమి చూడు. పెడల్ మెత్తగా దిగిపోతుంటే లైనులో గాలి చేరి ఉండొచ్చు. కేబుల్ క్లచ్ అయితే కేబుల్ సాగిందేమో, పోగులు తెగాయేమో చూడాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నా బండికి ఇదే జరిగింది. ఒక వర్క్‌షాపు వాళ్లు గేర్‌బాక్స్ దించారు, విప్పారు, మళ్లీ ఎక్కించారు. గేర్లు మాత్రం పడలేదు. చివరికి చూస్తే క్లచ్ సిలిండర్‌లో వేలెడంత లేని రబ్బరు సీలు పాడైంది.

శబ్దాల సంగతి కూడా రాశావు. క్లచ్ తొక్కినప్పుడు మొదలయ్యే శబ్దం చాలావరకు రిలీజ్ బేరింగ్‌ది, అంటే పెడల్ తొక్కితే క్లచ్‌ను నొక్కి విడదీసే బేరింగ్‌ది. తొక్కగానే ఆగిపోయి, వదిలితే మళ్లీ వస్తే అది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పే లోపలి షాఫ్టు) బేరింగ్ కావచ్చు. మలుపు తిప్పినప్పుడు టకటక వస్తే చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింటును చూడమను. ఒకే ఒక్క గేరు వేసేటప్పుడు గరగరమంటే ఆ గేరు సింక్రో రింగు, అంటే గేరు పడే ముందు వేగాలు సమం చేసే రింగు, అరిగి ఉండొచ్చు. ఇదీ, ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగూ నిజంగా గేర్‌బాక్స్ విప్పించే జబ్బులు. పాత డిజైన్లు చాలావాటిలో రివర్స్‌కి సింక్రో ఉండదు, పళ్లు కూడా నిటారుగా కోసి ఉంటాయి, అందుకే వెనక్కి వెళ్లేటప్పుడు ఆ కూత. బండి పూర్తిగా ఆగాక క్లచ్ తొక్కి రెండు సెకన్లు ఆగి వేసి చూడు.

ఒకవేళ దించక తప్పకపోతే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్పించు. కూలి అంతా దించి ఎక్కించడానికే. బేరింగ్ కోసం మళ్లీ దించడం దండగ.

గేర్‌బాక్స్ ఆయిల్ నువ్వే మార్చుకుంటానన్నావు, సంతోషం. బండిని జాకీ మీద వదిలి కిందికి దూరకు. స్టాండ్లు పెట్టు, నాలుగు వైపులా సమంగా లేపు, లేకపోతే ఆయిల్ మట్టం తప్పు చూపిస్తుంది. ఇక అసలు మాట: ముందు విప్పాల్సింది పై ప్లగ్గు, అంటే నింపే ప్లగ్గు. నేను కుర్రతనంలో ముందు కింది ప్లగ్గు విప్పి ఆయిలంతా వదిలేశాను. పైది తుప్పు పట్టి బిగుసుకుపోయింది, స్పానర్ జారి మూలలు గుండ్రబడ్డాయి. చుక్క ఆయిల్ లేని బండి పక్కన కూర్చుని దాన్ని తిట్టుకుంటూ ఒక రోజు పోయింది.

కింది ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు ముద్ద పేరుకుని ఉంటుంది. అది మామూలు అరుగుదలే, తుడిచెయ్యి. చిట్లిన పళ్ల ముక్కలు కనిపిస్తే మాత్రం అక్కడితో ఆపి నాకు చెప్పు. వాషర్ కొత్తది వెయ్యి. పై రంధ్రం అంచుదాకా ఆయిల్ వస్తే చాలా బండ్లలో సరిపోయినట్టే.

ఏ ఆయిల్ అన్నది నీ కారు మాన్యువల్ చెప్పాలి, షాపువాడు కాదు. జీఎల్-4, జీఎల్-5 అనేవి గేర్ ఆయిల్ రకాలు; జీఎల్-4 అడిగిన గేర్‌బాక్స్‌లో "ఇంకా మంచిది" అని జీఎల్-5 పొయ్యనివ్వకు. అది పెద్ద నంబరే గానీ పెద్దన్న కాదు. దాని రసాయనాలు వేరు, కొన్ని రకాలు ఇత్తడి సింక్రో రింగులకు పడవు.

బావగారు కొన్న ఆటోమేటిక్‌కి ఇవన్నీ పనికిరావు. "జీవితాంతం ఆయిల్ మార్చక్కర్లేదు" అని ఆయనకు చెప్పారట. ఎవరి జీవితాంతమో అడగమను. గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే తన ఆటోమేటిక్‌లకు వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. ప్లగ్గు విప్పి వదిలితే పాతది మొత్తం రాదు, టార్క్ కన్వర్టర్‌లో (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఆయిల్‌తో ఇంజన్ శక్తిని అందించే భాగం) చాలా మిగిలిపోతుంది. సీవీటీ (గేర్ల బదులు బెల్టూ పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) అయితే దాని ఆయిలే పొయ్యాలి, మామూలు ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, పోస్తే బెల్టూ పుల్లీలూ పాడవుతాయి. ఆయిల్ కాలిన వాసన వస్తే లోపల క్లచ్‌లు అరుగుతున్నట్టు. పాలు కలిసిన గులాబీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి, ఇంక నడపొద్దు. వాలులో ఆపేటప్పుడు బ్రేకు తొక్కి ఉంచి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బండి దాని మీద నిలిచాకే పార్క్‌లోకి మార్చమను. బండి ఆగిపోతే డ్రైవ్ చక్రాలు నేలమీద ఉండగా లాగించొద్దు, లారీ మీద ఎక్కించాలి.

ఇంజన్ ఆపి ఒకసారి, తిరుగుతుండగా ఒకసారి, ఏ గేరు పడింది, ఏది పడలేదో కాగితం మీద రాసి పంపు. స్టాండ్లు నా దగ్గర రెండు జతలున్నాయి, కొనకు.

మీ మావయ్య