అన్నదమ్ములిద్దరికీ ఒకే బ్యాటరీ: డిపాజిట్ తీసి పెట్టొచ్చా?

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు రాశారు: "కింది వాటాలో అన్నయ్య, పై వాటాలో మేము. మీటర్లు వేరు. అన్నయ్యది 48 వోల్టుల సోలార్ ఇన్వర్టర్, మాది 24 వోల్టులది. ఇద్దరి బ్యాటరీలూ పాడయ్యాయి. రెండు ఇన్వర్టర్లకూ కలిపి 10 యూనిట్ల లిథియం బ్యాటరీ ఒక్కటే పెడితే 2,10,000 అవుతుందని, ఆరేడేళ్లలో కరెంటు బిల్లు మీదే ఆ డబ్బు తిరిగొస్తుందని డీలర్ అంటున్నాడు. నా 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేయమంటారా?"

తీయకండి.

ముందు ఆ ఆరేడేళ్ల లెక్క చూద్దాం. 10 యూనిట్ల బ్యాటరీలో రోజూ 8 యూనిట్లు వాడుకుంటారనుకోండి. యూనిట్‌కు 6 రూపాయలు వేసుకుంటే రోజుకు 48, ఏడాదికి 17,520. అంటే పెట్టిన డబ్బు రావడానికే పన్నెండేళ్లు. అదీ ఏడాది పొడవునా, ముసురు పట్టిన రోజుల్లో కూడా, ఎండ బ్యాటరీని నింపితేనే. కరెంటు పోయినప్పుడు మాత్రమే వాడితే రోజుకు సగటున 2 యూనిట్లు దాటవు. అప్పుడు మిగిలేది ఏడాదికి 4,380. అదే 2,10,000 డిపాజిట్‌లో ఉంటే, ఆరున్నర శాతం వేసుకున్నా ఏడాదికి 13,650 వస్తుంది. బ్యాటరీ చీకట్లో ఫ్యాను తిప్పే వస్తువు. దాన్ని ఆదాయంగా లెక్కేయకూడదు.

అవసరం లేదని మాత్రం అనను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి వెళ్లాక గజపతి జిల్లాలో ఎన్ని ఊళ్లు చీకట్లో ఉన్నాయో మీకు నేను చెప్పాలా? ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ భయం ఇంకా ఎక్కువ. ఆ భయానికి ఎంత ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది 48, 24 అన్న రెండు అంకెలు. ఒకే బ్యాటరీ బ్యాంకు (కలిపి కట్టిన బ్యాటరీల సెట్టు) మీద రెండు ఇన్వర్టర్లు నడపొచ్చు, కానీ రెండూ ఒకే వోల్టేజీవి కావాలి. 48 వోల్టుల బ్యాంకుకు మీ 24 వోల్టుల ఇన్వర్టర్ కలపలేరు. నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కట్టి, మధ్యలోంచి 24 తీసిస్తామనే మెకానిక్‌లు ఉంటారు. ఒప్పుకోకండి. కింది రెండు బ్యాటరీలు రోజూ ఎక్కువ ఖాళీ అవుతాయి, పై రెండూ అతిగా ఛార్జ్ అవుతాయి, సెట్టు మొత్తం త్వరగా పోతుంది. అంటే ఆ 2,10,000కు మీ కొత్త ఇన్వర్టర్ ఖర్చు కూడా కలపాలి. డీలర్ ఆ మాట చెప్పాడా?

వోల్టేజీలు కలిశాక కూడా పని ఉంది. రెండింటి ఛార్జింగ్ సెట్టింగులూ ఒకటే ఉండాలి. రెండు ఛార్జర్లూ కలిసి పంపే కరెంటు బ్యాటరీ పరిమితి దాటకూడదు. ఒక్కో ఇన్వర్టర్‌కు విడిగా డీసీ ఫ్యూజు కావాలి. సమాంతరంగా నడిచేలా తయారుచేసిన మోడల్ కాకపోతే, ఇళ్లలోకి వెళ్లే వైర్లను ఎక్కడా కలపకూడదు. లిథియం బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) చాలా మోడళ్లలో ఒక ఇన్వర్టర్‌తోనే మాట్లాడుతుంది. రెండోది వోల్టేజీ చూసి ఎంత ఛార్జ్ ఉందో ఊహించుకోవాలి. లిథియంలో ఆ వోల్టేజీ పెద్దగా మారదు కాబట్టి ఆ ఊహ తరచూ తప్పుతుంది. మీ రెండు మోడళ్ల పేర్లూ వారంటీలో రాసివ్వమని అడగండి. రాసివ్వకపోతే ఆ వారంటీని నమ్ముకోవద్దు.

ఇక డబ్బు కన్నా నాకు ఎక్కువ దిగులు మీ ఇద్దరి గురించి. మీరు పైన రాత్రంతా ఏసీ వేస్తే కింద అన్నయ్యగారి ఫ్యాను ఆగిపోతుంది. బ్యాటరీ పాడైతే రెండిళ్లూ చీకటే. రేపు వాటాలు రాసుకునే రోజు వస్తే అది ఎవరిది? అన్నదమ్ముల మధ్య కొలవలేని వస్తువు ఉమ్మడిగా పెట్టకూడదని నా అభిప్రాయం.

నేనైతే ఇలా చేస్తాను. మీ 24 వోల్టుల ఇన్వర్టర్‌కు 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే బ్యాటరీ సామర్థ్యం) ఉన్న 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీలు, అంటే మామూలు లెడ్ యాసిడ్ రకం, రెండు చాలు. సుమారు 30 నుంచి 36 వేలు అవుతాయి, పాతవి ఇచ్చేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. వాటిలో 3.6 యూనిట్లు ఉంటాయి, సగమే వాడుకోవాలి. మూడు ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి 350 వాట్లు అనుకుంటే నాలుగు గంటలకు 1.4 యూనిట్లు. ఫ్యాన్లు తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ మోటారువి పెట్టుకుంటే ఒక్కోటి 75 వాట్ల నుంచి 30 దగ్గరికి వస్తుంది, అదే బ్యాటరీ మరో రెండు గంటలు లాగుతుంది. అన్నయ్యగారు తన బ్యాటరీలు తన డబ్బుతో కొనుక్కుంటారు.

బిల్లు తగ్గాలంటే దారి వేరే ఉంది. పీఎం సూర్య ఘర్ పథకంలో గ్రిడ్‌కు (ప్రభుత్వ కరెంటు లైనుకు) కలిపే 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లకు కేంద్రం 78,000 ఇస్తుంది, ఒడిశా ప్రభుత్వం పైన మరికొంత కలుపుతుంది. మీ ఇద్దరికీ మీటర్లు వేరు కాబట్టి ఎవరికి వారు దరఖాస్తు చేసుకోవచ్చేమో కరెంటు ఆఫీసులో అడగండి. ఆ సబ్సిడీ బ్యాటరీకి రాదు. కరెంటు పోతే గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది, కాబట్టి మీ చిన్న బ్యాటరీ అలాగే ఉండాలి.

డీలర్‌కు అడ్వాన్సు ఇవ్వలేదనే అనుకుంటున్నాను. ఇచ్చి ఉంటే ఇన్వర్టర్ వోల్టేజీల సంగతి చెప్పి ఈ వారంలోనే వెనక్కి అడగండి, రసీదు దగ్గర పెట్టుకోండి.