సందేహాలు – సమాధానాలు: సాహస విన్యాసం

సందేహం: నౌకాదళ దినోత్సవం (డిసెంబరు 4) సందర్భంగా విశాఖ తీరంలో జరిగే ప్రదర్శనలను పత్రికలు ‘సాహస విన్యాసాలు’ అంటాయి. నిఘంటువుల్లో విన్యాసమంటే ‘ఉంచడం, అమర్చడం’ అని ఉంది. ఈ వాడుక సరైనదేనా?

సమాధానం: సరైనదే. ‘అస్’ అనే సంస్కృత ధాతువుకు విసరడం అని అర్థం. విసిరేది కనుకనే అస్త్రం. దానికి ‘ని’ చేరితే న్యాసం, అంటే ఒకచోట ఉంచడం. పూజలో మంత్రం చెబుతూ వేళ్లను, శరీర భాగాలను తాకే అంగన్యాస కరన్యాసాలు ఇవే. ముందు ‘వి’ కూడా చేరినప్పుడు విశేషంగా, ఒక క్రమంలో అమర్చడమనే అర్థం వస్తుంది. పదవిన్యాసం, పాదవిన్యాసం అనే మాటల్లో ఆ క్రమమే ప్రధానం. నేల మీద అడుగుల అమరికకు చెల్లిన మాట, ఆకాశంలో విమానాల అమరికకూ సముద్రంలో నౌకల అమరికకూ చెల్లడం సహజమైన అర్థవ్యాప్తి. వాయుసేనకు చెందిన సూర్యకిరణ్ దళంలోని 9 విమానాలు బారులు తీరి ఒక్కసారిగా పల్టీ కొట్టినప్పుడు చూపరులను అబ్బురపరిచేది వేగం కన్నా, చెదరని ఆ వరుసే.

‘సాహసం’ కథ ఇంకా ఆసక్తికరమైనది. ‘సహస్’ అంటే బలం. ధర్మశాస్త్రాల్లో సాహసం మెచ్చుకోదగిన గుణం కాదు, నేరం. మనుస్మృతి చెప్పిన 18 వివాదపదాల్లో, అంటే న్యాయవిచారణకు వచ్చే తగవుల రకాల్లో, అదొకటి. బలగర్వంతో తెగించి చేసే పని సాహసమని నారదస్మృతి నిర్వచించింది. తప్పు తొలగి తెగువ మాత్రమే మిగిలాక అది మెప్పుమాట అయింది. పాత ఛాయ కావలసినప్పుడు ఇప్పుడు ‘దుస్సాహసం’ అంటున్నాం.

కాబట్టి రద్దీ రోడ్డు మీద కుర్రాళ్లు మోటారు సైకిలు ముందు చక్రం పైకి లేపి నడపడాన్ని విన్యాసమనడం నాకు రుచించదు. అక్కడ తెగింపే తప్ప అమరిక లేదు. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు నిలిపి, తలపై నీళ్ల చెంబు తొణకకుండా, తాళం తప్పకుండా సాగే నర్తనంలో మాత్రం రెండూ ఉన్నాయి.

ఇక రాసే తీరు. సాహసం, విన్యాసం రెండూ తత్సమాలే (సంస్కృతం నుంచి వచ్చిన మాటలే) కనుక ‘సాహసవిన్యాసాలు’ అని కలిపి రాస్తే సమాసం చక్కగా కుదురుతుంది. విడదీసి రాయదలిస్తే ‘సాహసోపేతమైన విన్యాసాలు’ అనవచ్చు.