బిల్లు మీద రాసేస్తే సరిపోతుందా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. కొత్త మిక్సీ పది రోజులకే కాలిన వాసన కొట్టి ఆగిపోయింది, షాపుకి పట్టుకెళ్తే బిల్లు కింద చీమల్లాంటి అక్షరాల్లో 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్నది చూపించి పంపేశారు. నాకు కన్నడ అంతంతమాత్రం. ఎవరికి చెప్పుకోవాలండీ?

జవాబు: ఆ ముక్క చూసి టెన్షన్ పడకండి, లోపమున్న వస్తువుకి అది చెల్లదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పుకోవచ్చు. వాళ్లు కంపెనీతో మాట్లాడతారు గానీ తీర్పు ఇవ్వలేరు, కాబట్టి అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. ఖరీదు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. అన్నట్టు, ఆ బిల్లు నున్నటి కాగితమైతే ఇవాళే ఫోటో తీసుకోండి, అక్షరాలు ఎగిరిపోతాయి.