ఛాతీ ఆపరేషన్ తర్వాత నరంలోకి లిడోకెయిన్: నాన్నగారి గురించి అడిగినవారికి

అమలాపురం నుంచి రాసిన మీ ప్రశ్న చూశానండి. నాన్నగారికి ఊపిరితిత్తి ఆపరేషన్ అయ్యాక నొప్పికి లిడోకెయిన్ నరంలోకి ఎక్కిస్తామన్నారని, పన్ను పీకేటప్పుడు పొడిచే మందు రక్తంలోకి వెళ్తే ప్రమాదం కాదా అని కదా మీ టెన్షన్.

మందు అదేనండి, కాకపోతే అడ్రినలిన్ కలపనిది. పంపు మీద లెక్కగట్టి ఎక్కిస్తారు. మామూలుగా కిలో బరువుకి గంటకి 1.5 మిల్లీగ్రాములు దాటనివ్వరు, 24 గంటలకి మించి ఉంచరు. గుండె మానిటర్ ఉండాల్సిందే. నన్నడిగితే ఛాతీ ఆపరేషన్లకి వెన్ను పక్కన ఇచ్చే బ్లాకే (ఆ చోటుని మొద్దుబార్చే ఇంజెక్షన్) మేలు. ఆ బ్లాక్ కుదరనప్పుడు ఇది. రెండూ ఒకే జాతి మందులు కాబట్టి ఒకేసారి ఇవ్వకూడదు, ఈ మాట డాక్టరుగారిని తప్పకుండా అడగండి. మూర్ఛ, లివర్ జబ్బు, గుండె లయలో తేడా ఉంటే ముందే చెప్పండి.

పక్కన కూర్చున్నవాళ్లు కనిపెట్టాల్సింది ఒకటుంది. మా మావయ్య ఇదే మందు ఎక్కుతుండగా రాత్రి పూట "నాలుక మొద్దుబారిందిరా, కిళ్లీలో సున్నం ఎక్కువైనట్టుంది" అన్నాడు. హాస్యం అనుకుని నవ్వాం. నర్సు వినగానే పంపు ఆపేసింది! పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, మాట తడబడటం, ఏది కనిపించినా వెంటనే పిలవండి.

దగ్గొస్తే దిండు ఛాతీకి హత్తుకుని దగ్గమనండి. ఊపిరి కసరత్తుకి మూడు బంతుల గొట్టం ఇస్తారు, చాలామంది ఊదేస్తుంటారు. అది పీల్చాలండి.